సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలి?

ఇటీవల కొండపల్లిలో డ్వాక్రా సంఘాల స్త్రీలతో ఒక సమావేశం పెట్టుకున్నాం. గృహహింస చట్టం గురించి చెప్పడానికి వెళ్ళాం. చెప్పవలసిందంతా చెప్పాక, అడగాలనుకున్నవి అడగమన్నాం. వెనక వరుసలో చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒకామె లేచింది. “చట్టం సంగతి సరే అక్కా. అదుగో, ఆ ట్యాంకుల్లో ఏదన్నా అయ్యి రాత్రిపూట సైరన్ మోగిందనుకో. పిల్లల్ని చంకనేసుకుని మేం ఎటు పరిగెత్తాలి? కొండ మీదికా, రోడ్డు మీదికా? లేకపోతే తలుపులేసుకుని ఇంట్లోనే ఉండాలా?”

నలభై మంది దాకా ఉన్నాం. ఒక్కరికీ సమాధానం తెలియదు. పాతికేళ్ళుగా హక్కుల గురించి మాట్లాడుతున్న నాకూ తెలియదు. అందరం ఊరుకున్నాం. అప్పుడు ఒక పెద్దావిడ అంది: “సైరన్ మోగిస్తే గదమ్మా, పరిగెత్తేది!” అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఆ నవ్వు మిగల్లేదు. ఒకామె ప్రశ్న, ఇంకొకామె మాట - ఈ రెండిటి గురించే ఈసారి సంపాదకీయం రాస్తున్నాను.

కొండపల్లి అనగానే బయటివాళ్ళకి గుర్తొచ్చేవి బొమ్మలు, తెల్లపొణికి కర్ర, కొండమీది కోట. ఇక్కడ కాపురం చేసేవాళ్ళకి రోజూ కనిపించేవి వేరు. ఇబ్రహీంపట్నం వైపు 1979 నుంచి నడుస్తున్న థర్మల్ విద్యుత్ కేంద్రం, దాని పొగగొట్టాలు, దాని బూడిద. ఇంకోవైపు పారిశ్రామికవాడ. చమురు కంపెనీల డిపోలు, వంటగ్యాసు సిలిండర్లు నింపే ప్లాంటు, వాటికి వచ్చిపోయే ట్యాంకరు లారీలు. ఇంట్లో సిలిండరు వాసన వస్తే ఏం చెయ్యాలో ఈ ఊరి స్త్రీలకు బాగా తెలుసు. రెగ్యులేటరు కట్టేస్తారు, కిటికీలు తెరుస్తారు, స్విచ్చి ముట్టుకోరు. ఊరి పక్కన వేల సిలిండర్లకు సరిపడా గ్యాసు ఉన్నచోట తేడా వస్తే ఏం చెయ్యాలో మాత్రం, ఆ సమావేశానికి వచ్చినవాళ్ళలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

ఆమె అడిగింది చిన్న ప్రశ్న కాదని ఆ తరువాత చదువుతుంటే తెలిసింది. ఎటు పరిగెత్తాలన్నది, బయటికి వచ్చింది ఏమిటన్నదాని మీద ఆధారపడుతుంది. వంటగ్యాసు గాలికన్నా బరువు. నేలబారున పాకి, పల్లంలోను, మురుగు కాల్వల్లోను చేరుతుంది. అందుకని పల్లానికి పోకూడదు, నిప్పు వెలిగించకూడదు, బండి స్టార్టు చెయ్యకూడదు. క్లోరిన్ కూడా బరువైనదే. మెరకకి, గాలి వీచే దిశకు అడ్డంగా పోవాలి. అమ్మోనియా నీళ్ళలో కరుగుతుంది కాబట్టి ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టుకుంటే కొంత కాపాడుతుంది. కొన్నిటికి పరిగెత్తడంకంటే తలుపులు, సందులు మూసుకుని లోపల ఉండటమే మేలు. ఒకదానికి ప్రాణం కాపాడే పని ఇంకోదానికి ప్రాణం తీస్తుంది. కనక “అందులో ఏముంది?” అన్నది తెలియకుండా “ఎటు పరిగెత్తాలి?” అన్నదానికి సమాధానం ఉండదు. ఆ ఒక్క సమాచారం బతకడానికీ చావడానికీ మధ్య ఉంటుంది. దాన్ని ఎవరి దగ్గర దాచిపెడుతున్నారు, ఎందుకు దాచిపెడుతున్నారు అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

పెద్దావిడ మాట విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున, సుమారు 3 గంటల వేళ, ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చింది. లాక్‌డౌన్ రోజులు. జనమంతా ఇళ్ళలోనే, గాఢనిద్రలో ఉన్నారు. లేచినవాళ్ళు ఏమైందో తెలియక వీధుల్లోకి వచ్చి, అక్కడే పడిపోయారు. 12 మంది చనిపోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఆ జులైలో ఇచ్చిన నివేదికలో ఏం చెప్పింది? స్టైరీన్ వేడెక్కి గడ్డకట్టే చర్య మొదలుకాకుండా ఆపే రసాయనం ట్యాంకులో చాలినంత లేదు. చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రం పూట ఆపేస్తూ వచ్చారు. వీటన్నిటికంటే నన్ను కలచివేసింది ఇంకొకటి. ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల మీటలున్నాయి. గేటు దగ్గర కూడా ఉంది. ఒక్కటీ నొక్కలేదు.

ముప్పై ఆరు మీటలు! అంటే డబ్బులేక పెట్టనిది కాదు, పరికరం లేక జరగనిది కాదు. లోపలున్నవాళ్ళకి ఊరు గుర్తుకు రాలేదు. ఊరు అంటే ఏమిటి? పొద్దున్నే లేచి నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు, పసిపిల్లలు, పశువులు. 1961లో ఆ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అది నగరానికి దూరంగా ఉండేది. తరువాత చుట్టూ ఇళ్ళు లేచాయి. “ఫ్యాక్టరీ పక్కన ఇళ్ళెందుకు కట్టుకున్నారు?” అని అడిగే పెద్దమనుషులు ఎప్పుడూ ఉంటారు. ఫ్యాక్టరీ పక్కన కాకపోతే, కూలిపనికి పోయేవాళ్ళు కొనగలిగిన స్థలం ఎక్కడుంటుందో కూడా వాళ్ళు చెబితే బాగుండును.

ఇలాంటివి జరిగిన ప్రతిచోటా, ప్రమాదానికి ముందే ఏదో ఒకటి తెలిసినవాళ్ళున్నారు. గోదావరి డెల్టాలో మామిడికుదురు మండలం నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా కాలిపోయారు. ఆ గొట్టం నుంచి గ్యాసు కారుతోందని ఊరివాళ్ళు అంతకుముందే చెబుతూ వచ్చారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపారని, దానివల్ల అది లోపల తినేసిందని తరువాత విచారణలో బయటపడింది. ఊరివాళ్ళ ముక్కుకి తెలిసింది, అధికారుల చెవికి ఎక్కలేదు. మాకు దగ్గర్లో ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో 2022 ఏప్రిల్ 13 రాత్రి పోరస్ లేబొరేటరీస్ రసాయన ఫ్యాక్టరీలో మంటలు లేచి ఆరుగురు కార్మికులు చనిపోయారు. వారిలో నలుగురు బీహారు నుంచి వచ్చినవాళ్ళు. అప్పటికి తొమ్మిది రోజుల ముందే, ఏప్రిల్ 4న, ఆ ఊరు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. తెల్లారేసరికి ఊరివాళ్ళు ఆ ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు. మాకు ఈ ఫ్యాక్టరీ వద్దు అన్నారు. జిల్లా పేరు మారితే మారింది గాని, ఊరి మాట చెల్లనితనం మారలేదు.

స్త్రీల విషయంలో ఈ ‘చెప్పకపోవడం’ ఇంకా ఘోరంగా ఉంటుంది. 2022 జూన్ 3న అచ్యుతాపురంలోని దుస్తుల తయారీ యూనిట్లో పనిచేస్తున్న సుమారు 200 మంది స్త్రీలు వాంతులతో, తల తిరుగుడుతో, ఊపిరాడక పడిపోయారు. అక్కడ పనిచేసేవాళ్ళు ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు. మొదట అమ్మోనియా అన్నారు. పక్క ఫ్యాక్టరీ వైపు వేలు చూపించారు. తరువాత, పరీక్షల్లో పురుగుమందు జాడ దొరికిందన్నారు. సరిగ్గా కారణం తేల్చి, ఆ స్త్రీలకు చెప్పి, ఇక జరగదని హామీ ఇచ్చి పనిలోకి పిలిచారా? రెండు నెలలు తిరగకుండానే, ఆగస్టు 2న, మళ్ళీ అక్కడే వందమంది దాకా అస్వస్థులయ్యారు. మొదటిసారి పీల్చిందేమిటో తెలియకుండానే రెండోసారి పీల్చారు. ఆ స్త్రీలలో గర్భిణులున్నారు. తమ ఒంట్లోకి ఏం పోయిందో, అది పుట్టబోయే బిడ్డని ఏం చేస్తుందో అడిగే హక్కు వాళ్ళకి లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

ఈ విషయంలో భోపాల్ మనకు పాతదైపోయిన కథ కాదు. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ నుంచి విషవాయువు వచ్చినప్పుడు ఊరికి వినిపించే సైరన్ని కాసేపు మోగించి ఆపేశారు. అది ఏ గ్యాసో, దానికి ఏ వైద్యం చెయ్యాలో ఆస్పత్రి డాక్టర్లకు కంపెనీ చెప్పలేదు. జనం గాలి ఎటు పోతోందో తెలియక గాలితోపాటే పరిగెత్తారు. తరువాత బాధితుల జబ్బులన్నీ లెక్కరాసుకున్నవాళ్ళు కళ్ళు, ఊపిరితిత్తులు చూశారు. స్త్రీలు బహిష్టు మారిపోయిందని, తెల్లబట్ట ఎక్కువైందని, పాలు తగ్గిపోయాయని చెబితే పట్టించుకోలేదు. 1985లో రాణీ బంగ్, మీరా సద్గోపాల్ అనే ఇద్దరు స్త్రీ డాక్టర్లు బస్తీల్లో తిరిగి, స్త్రీలను పరీక్షించి ఆ మాటలు నిజమని రుజువు చేశారు. స్త్రీ తన ఒంటిగురించి చెప్పేది సాక్ష్యం కాదనుకునే వైద్యశాస్త్రానికి అది ఒక పాఠం. మనకీ ఒక పాఠమే. సర్వే చేసే కాగితంలో ప్రశ్న లేకపోతే జబ్బు కూడా లేనట్టే లెక్క.

ఇక తరువాత జరిగేదానికి వస్తాను. మన రాష్ట్రంలో ప్రమాదం తరువాత జరిగే తంతు అందరికీ కంఠతా వచ్చు. మంత్రులు వస్తారు. పరామర్శిస్తారు. ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. కమిటీ వేస్తారు. వెంకటాపురంలో మృతుడికి కోటి రూపాయలు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మాలో 17 మంది పోతే, అక్కడా కోటి. అక్కిరెడ్డిగూడెంలో ప్రభుత్వమూ యాజమాన్యమూ కలిపి 50 లక్షలు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నం బాణసంచా కేంద్రంలో ఎనిమిదిమంది పోతే 15 లక్షలు. అక్కడ చనిపోయినవాళ్ళలో స్త్రీలూ ఉన్నారు, రోజుకూలికి మందు కూరేవాళ్ళు. ప్రాణం ఒకటే అయినప్పుడు ధర ఎందుకు మారుతోంది? యాజమాని ఎంత పెద్దవాడు, టీవీలు ఎన్ని రోజులు చూపించాయి, శవాలతో రోడ్డు మీద ఎంతసేపు కూర్చున్నారు - వీటిని బట్టి మారుతోంది. హక్కుగా రావలసింది దయగా వస్తే ఇలాగే ఉంటుంది.

పరిహారం వద్దని నేననడం లేదు. ఆ డబ్బుతోనే పిల్లలు చదువుకుంటారు, అప్పులు తీరతాయి. కాని చెక్కు ఎవరి చేతికి వెళ్ళింది, ఎవరి పేరు మీద పడింది అనేది మనకి తెలుసు. మా కార్యాలయానికి ఒక యువతి వచ్చింది. భర్త ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాడు, ప్రమాదంలో పోయాడు. ఆమెది మన రాష్ట్రం కాదు, మన భాష రాదు. మేస్త్రీ అతన్ని ఇంకొకరి గేటు పాసు మీద లోపలికి పంపేవాడట. హాజరు పట్టీలో చనిపోయినవాడి పేరు లేదు. పేరున్నవాడు బతికే ఉన్నాడు! తన భర్త ఆ రోజు ఆ గేటు లోపల ఉన్నాడని రుజువు చెయ్యడానికి ఆమెకు నెలలు పట్టింది. ఈలోగా అత్తవారింటివాళ్ళు వచ్చి కొడుకు డబ్బు తమకే రావాలన్నారు. ఏడవడానికి కూడా ఆమెకు తీరిక దొరకలేదు. భర్త చనిపోయిన రోజు నుంచి ఆమె చేసింది ఒక్కటే పని, కాగితాలు పట్టుకుని కార్యాలయాలు తిరగడం.

ఇది ఆమె ఒక్కరి సంగతి కాదు. 2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి 54 మంది చనిపోయారు. వారిలో ఎనిమిదిమంది ఆనవాళ్ళు కూడా దొరకలేదు. బీహారు నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన తల్లులు, భార్యలు గేటు దగ్గర, ఆస్పత్రి దగ్గర రోజులతరబడి కూర్చుని “మావాడు ఏడీ?” అని అడిగారు. మా పక్కనే ఉన్న నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో 2023 మార్చిలో లిఫ్టు కూలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. వాళ్ళూ ఝార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళే. చావు ఇక్కడ జరుగుతుంది, ఏడుపు వెయ్యి మైళ్ళ దూరంలో వినిపిస్తుంది. అందువల్ల ఇక్కడ ఎవరికీ నిద్రాభంగం కాదు.

చనిపోయినవాళ్ళ లెక్కలోకి రానివాళ్ళు ఇంకా ఉన్నారు. కాలి బతికిన మనిషి ఇంటికి వచ్చాక, అతనికి చేసేదెవరు? కట్లు మార్చేది, ముద్ద కలిపి పెట్టేది, రాత్రిళ్ళు అరుస్తూ లేస్తే పట్టుకునేది ఎవరు? ఆమె పని మానుకున్న రోజుల కూలి ఏ పరిహారంలోనూ లేదు. క్షతగాత్రుడికి ఇచ్చేది ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకుంటారు. ఆమెకు అది జీవితాంతం ఉద్యోగం.

ఈ చెప్పకపోవడం ఫ్యాక్టరీలకే పరిమితం కాదని 2024లో మా ఊరే చూపించింది. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకి బుడమేరు పొంగింది. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నుంచి బుడమేరు నీటిని మళ్ళించి కృష్ణలో కలిపే కాలువ కొండపల్లి శాంతినగర్, కవులూరు దగ్గర తెగింది. ఆ కాలువ థర్మల్ కేంద్రం కాలువతో కలిసి కృష్ణకు పోతుంది. కృష్ణేమో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో, ఆ బ్యారేజీ ఎన్నడూ చూడనంత వరదతో ఉంది. నీళ్ళు విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మీదికి పోయాయి. లక్షలమంది మునిగారు. రాష్ట్రంలో ఆ వరదలకు 40 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది మా ఎన్టీఆర్ జిల్లావాళ్ళే. గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చి, సెప్టెంబరు 7 దాకా పట్టింది. వాన దేవుడు కురిపించినా, కాలువ గట్లు, ఏటి ఆక్రమణలు, గేట్లు మనుషుల పనులు. సింగ్‌నగర్ స్త్రీలు మాతో చెప్పింది ఒకటే. “నీళ్ళు మంచం కోళ్ళకి తగిలాకే తెలిసింది.” గేట్లు ఎత్తే వాడికి తెలుసు, నీళ్ళు ఎటు పోతాయో తెలుసు. మునిగేవాళ్ళకే తెలియదు. గ్యాసుకైనా, నీళ్ళకైనా కథ ఒకటే.

మరి చట్టం ఏమంటోంది? విచిత్రమేమిటంటే, చట్టం చాలాకాలంగా మనవైపే మాట్లాడుతోంది. భోపాల్ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన పనులు చేసే యాజమాన్యం ఆ వివరాలను కార్మికులకు, చుట్టుపక్కల ఉండే ప్రజలకు చెప్పితీరాలన్నారు. 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ లోపలి అత్యవసర ప్రణాళికను యాజమాన్యం, బయటి ప్రణాళికను అధికారులు తయారుచెయ్యాలి. ప్రమాదం జరిగితే ఏమవుతుందో, ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చుట్టుపక్కల జనానికి ముందుగా చెప్పాలి. రిహార్సళ్ళు చెయ్యాలి. 1996 రసాయన ప్రమాదాల నిబంధనలు ఇంకొంచెం ముందుకుపోయి, జిల్లాకొకటి, భారీ ప్రమాదాలకు అవకాశమున్న పరిశ్రమలున్న ప్రతి ప్రాంతానికొకటి సంక్షోభ నివారణ బృందం ఉండాలన్నాయి. జిల్లా బృందానికి కలెక్టరు అధ్యక్షుడు. స్థానిక బృందంలో స్వచ్ఛంద సంస్థ ప్రతినిధికి, సామాజిక కార్యకర్తలకు కూడా చోటుంది. ప్రజలు అడిగితే సమాచారం ఇవ్వాలన్నది కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. అంటే, ఆ సమావేశంలో ఆమె అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత ముప్పై ఏళ్ళుగా ఎవరిమీదో ఉంది.

ఇది చదివాక నేను ఒక కార్యాలయానికి వెళ్ళి, మా ప్రాంతపు బయటి ప్రణాళిక చూపించమని అడిగాను. “మీకెందుకమ్మా అవి?” అన్నారు. ఇంకో కార్యాలయానికి పొమ్మన్నారు. అక్కడివాళ్ళు “అది కాన్ఫిడెన్షియల్” అన్నారు. పారిపోవలసినవాళ్ళకి తెలియకూడని పారిపోయే దారి! స్థానిక బృందంలో స్వచ్ఛంద సంస్థ తరఫున ఎవరున్నారని అడిగితే, ఇద్దరు గుమాస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇక 2025 నవంబరు 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనే పాత లెక్క ఇరవైకి మారింది. కాంట్రాక్టు కార్మికుల రక్షణ ఇరవైమంది దగ్గర మొదలయ్యేది, యాభైకి పెరిగింది. ప్రమాదకరమైన వివరాలు చెప్పాలన్న మాట కొత్త కోడ్‌లోనూ ఉంది. స్త్రీలు ఒప్పుకుంటే రాత్రి షిఫ్టుల్లో కూడా పనిచెయ్యవచ్చన్నారు. స్త్రీలకు అన్ని పనులూ అందుబాటులో ఉండాలన్నది మనమూ అడిగినదే. కాని రాత్రి షిఫ్టు తలుపు తెరిచేటప్పుడు, ఆ తలుపు వెనకాల రియాక్టర్లో ఏముందో, బయటికి పోయే రెండో తలుపు ఎక్కడుందో కూడా ఆమెకు చెప్పాలి. అది చెప్పకుండా ఇచ్చే సమానత్వం, చావులో సమానత్వం మాత్రమే అవుతుంది.

ఇక్కడ మనలో మనం నిజాయితీగా మాట్లాడుకోవలసినది ఒకటుంది. కొండపల్లి సమావేశంలోనే ఇంకొకామె అంది: “ఇవన్నీ గట్టిగా అడిగితే ఫ్యాక్టరీ మూసేస్తారు. మా ఆయన పనేంగాను? మా అమ్మాయి కూడా అందులోనే ప్యాకింగుకి పోతోంది.” ఆమె భయం అబద్ధం కాదు. యాజమాన్యాలు ఆ భయాన్ని వాడుకుంటాయన్నదీ అబద్ధం కాదు. పనా, ప్రాణమా అని రెండిటిలో ఒకటి ఎంచుకోమని ఆమె ముందు పెట్టడమే అన్యాయం. మనం అడుగుతున్నది ఫ్యాక్టరీలు మూసెయ్యమని కాదు. ఉష్ణోగ్రత కొలిచే మీటరు పనిచెయ్యాలని, చల్లబరిచే యంత్రం ఆపకూడదని, లోపలున్నవాళ్ళ పేర్లు గేటు దగ్గర ఉండాలని, సైరన్ మీట నొక్కాలని. ఇవి చేసినందుకు ఏ ఫ్యాక్టరీ మూతపడదు. చెయ్యనందుకు మూతపడినవి ఉన్నాయి, వాటితోపాటు మనుషులూ పోయారు. 1985లో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాసు వచ్చిన కేసులో, ప్రమాదకరమైన పనితో లాభం పొందేవాడు దానివల్ల జరిగే నష్టానికి ఏ సాకూ లేకుండా బాధ్యుడేనని సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. ఆ బాధ్యతను కార్మికుడి కూలిలోంచి కాదు, లాభంలోంచే తీర్చాలి.

చెయ్యగలిగేదేమైనా ఉందా అని నిరాశపడేవాళ్ళకి భోపాల్ స్త్రీలను గుర్తుచేస్తాను. బురఖాల్లో, ఇల్లు దాటి ఎరగని స్త్రీలు, టైలరింగు కేంద్రంలోను, స్టేషనరీ కార్ఖానాలోను పని కోసం కలిసి, సంఘాలు కట్టారు. రషీదా బీ, చంపాదేవి శుక్లా అలా వచ్చినవాళ్ళే. వాళ్ళ పోరాటానికి 2004లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. 2010లో భోపాల్ కోర్టు ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ళ శిక్ష మాత్రమే వేసింది. వారెన్ ఆండర్సన్ విచారణకు రాకుండానే 2014లో చనిపోయాడు. అదనపు పరిహారం కోసం వేసిన పిటిషన్ను సుప్రీంకోర్టు 2023 మార్చిలో కొట్టేసింది. అయినా వాళ్ళు మానలేదు. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన 337 టన్నుల విషవ్యర్థాలను అక్కడి నుంచి కదల్చడానికి 2025 జనవరి దాకా పట్టింది. నలభై ఏళ్ళు! మనం ప్రమాదం జరిగాక నలభై ఏళ్ళు పోరాడాలా, జరగకముందు నాలుగు నెలలు పోరాడాలా అన్నది మనమే తేల్చుకోవాలి.

అందుకని మిత్రులకి కొన్ని పనులు సూచిస్తున్నాను. మీ ఊరి పక్క ఏ ఫ్యాక్టరీ ఉంది, అందులో ఏ రసాయనం ఉంది అన్నది సమాచారహక్కు చట్టం కింద అడగండి. ప్రాణానికి సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది. దరఖాస్తులో ఆ మాట రాయండి. స్థానిక సంక్షోభ నివారణ బృందం ఉందా, అందులో స్వచ్ఛంద సంస్థల కుర్చీలో ఎవరున్నారు అడగండి. ఖాళీగా ఉంటే స్త్రీని కూర్చోబెట్టమని అడగండి. రిహార్సలు పగలు పదకొండింటికి ఫ్యాక్టరీ గేటు లోపల ఫోటోల కోసం కాకుండా, ఊళ్ళో, చంటిపిల్లల తల్లులతో, నడవలేని ముసలివాళ్ళతో చెయ్యమనండి. మీ దగ్గరికి వచ్చే కాంట్రాక్టు కార్మికుల భార్యలకు ఒకమాట చెప్పండి. భర్త ఏ కాంట్రాక్టరు కింద, ఏ పేరుతో, ఏ గేటులోంచి పోతున్నాడో తెలుసుకుని, పాసు ఫోటో తీసి ఇంట్లో ఉంచుకోమనండి. ఎక్కడైనా ప్రమాదం జరిగితే, నిజనిర్ధారణకు వెళ్ళే మన కమిటీల ప్రశ్నల్లో స్త్రీల ఆరోగ్యం గురించి, ఇంట్లో సేవ చేసేవాళ్ళ గురించి తప్పకుండా ఉండాలి. భోపాల్లో ఇద్దరు డాక్టర్లు చేసిన పని మన జిల్లాల్లో మనం చెయ్యలేనిది కాదు.

కొండపల్లి సంఘంవాళ్ళతో కలిసి మేం ఈ దరఖాస్తులు పెట్టాం. సమాధానం వచ్చినా రాకపోయినా వచ్చే సంచికలో రాస్తాం. వస్తే దాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి అంగన్‌వాడీ గోడ మీద పెడతామని సంఘంవాళ్ళు అప్పుడే అనుకున్నారు. సున్నం ఎవరు వెయ్యాలో కూడా మాట్లాడుకున్నారు.

ఆ చంటిపిల్ల తల్లి దరఖాస్తు మీద మొదటి సంతకం పెట్టింది. పెట్టి, మళ్ళీ అదే అడిగింది: “ఈలోగా ఏదన్నా అయితే అక్కా?” ఆమెకు నేను ఇంకా సమాధానం చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళు నేను కాదు. కాని వాళ్ళు చెప్పేదాకా అడుగుతూ ఉండవలసినవాళ్ళలో నేనున్నాను, మీరున్నారు.